పురుగు కనిపించని వీధి

జైన గృహస్థు ఇంట పుట్టిన పిల్లవానికి అక్షరాలు రాకముందే వచ్చే విద్య ఒకటి ఉన్నది. అది నేల చూచి నడవడం. ఆలయానికి పోయే దారిలో తాతగారు వేలు పట్టుకొని నడిపిస్తూ, "చూచి అడుగు వేయి నాయనా, చీమలు పోతున్నాయి" అంటారు. ఎదుట సుమారు నాలుగు మూరల మేర నేలను చూస్తూ నడవవలెనని సాధువులకు విధించిన ఈర్యాసమితి అనే నియమం ఇదే. శ్రావకునికి అంత కఠినమైన విధి లేకపోయినా దాని నీడ అతని ఇంటిమీద ఎప్పుడూ ఉన్నది. నీరు వడకట్టి త్రాగడం, పొద్దు ఉండగానే భోజనం ముగించడం, బియ్యం చేటలో పోసి వెదకి చూడడం, పొయ్యిలో పెట్టేముందు కట్టెను దులపడం, వీటన్నిటికీ మూలమైన పని ఒక్కటే. అది చూడడం. చంపవద్దని చెప్పడానికి ముందే, ఎక్కడ ఏ ప్రాణి ఉన్నదో చూడుమని ఈ ధర్మం చెప్పినది.

చూడడానికి ప్రాణి ఉన్నంతకాలం ఈ విద్యలో చిక్కు లేదు. చూచినా ఏ ప్రాణీ కనిపించని చోట ఆ విద్య ఏమి కావలెను? ఈ ప్రశ్న పూర్వులకు రాలేదు. ఇప్పుడు వచ్చినది. వచ్చిన చోట్లలో ఒకటి బెంగుళూరు దక్షిణాన ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ.

హోసూరు రోడ్డు మీద, నగర మధ్యభాగానికి ఇంచుమించు 18 కిలోమీటర్ల దూరంలో ఈ పేట ఉన్నది. 1970ల చివరి సంవత్సరాలలో, కర్ణాటక ప్రభుత్వపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంస్థ అయిన కియోనిక్స్, ఆర్. కె. బాళిగా గారి నాయకత్వంలో, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల పరిధిలో 332 ఎకరాల నేలలో దీనికి పునాది వేసినది. ఆ ప్రాంతమంతా రాగి చేలు, తోపులు, ఒక దాని నీరు మరొక దానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు. తరువాత కంప్యూటరు కంపెనీలు వచ్చినవి. 2010 జనవరిలో వంతెన మీది రహదారి, 2025 ఆగస్టులో మెట్రో రైలు వచ్చినవి. తెలుగునాటి నుండి చదువుకొన్న యువకులు ఎందరో అక్కడ ఉద్యోగాలలో ఉన్నారు. వారిలో గుంటూరు, విజయవాడ, హైదరాబాదు బజారులలో తరతరాలుగా వ్యాపారం చేసిన జైన కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

అట్టి కుటుంబం ఒకటి ఉన్నదనుకోవచ్చును. తండ్రి గుంటూరులో దుకాణం చూచుకొంటున్నాడు. కొడుకు ఎలక్ట్రానిక్ సిటీలో పదకొండవ అంతస్తులో కాపురం ఉన్నాడు. చాతుర్మాస్యం ఆరంభంలో తల్లి కొడుకు ఇంటికి వచ్చినది. అలవాటు ప్రకారం ఉదయమే క్రిందికి దిగి, నేల చూచుకొంటూ నాలుగు ప్రదక్షిణలు చేసినది. నాలుగు రోజులు నడిచిన తరువాత కొడుకుతో, "నాయనా, నాలుగు రోజులుగా చూస్తున్నాను, నేలమీద ఒక్క పురుగు లేదు" అన్నది. కొడుకు నవ్వి, "మంచిదే గదా అమ్మా! పురుగు లేదు కనుక పాపమూ లేదు. ఇక్కడ కళ్ళు మూసుకొని నడవవచ్చు" అన్నాడు.

కొడుకు మాట వేళాకోళంగా కనిపించినా అందులో ఒక తర్కం ఉన్నది. హింస జరగడానికి హింస పొందే ప్రాణి ఉండవలెను. ప్రాణి లేని చోట హింస లేదు. అట్లయితే ఇటుక, సిమెంటు, గాజు కట్టడాలతో నిండిన పేటకంటె అహింసకు అనువైన చోటు మరొకటి లేదని చెప్పవలసి వస్తుంది. ఈ మాట విన్న ఏ శ్రావకుని మనస్సూ దీనిని ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తేల్చుకోవడమే ఇక్కడి విచారణ.

మొదట అక్కడ నిజంగా ఏ పురుగులు ఉన్నవి, ఏవి లేవు అనేది చూడవలెను. ఈ లెక్కకు జైనులకంటె తగినవారు అరుదు. జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వరుసగా పేర్చిన సంప్రదాయం వారిది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం రెండవ అధ్యాయంలో ఒక్కొక్క ఇంద్రియం హెచ్చుతూ పోయే జీవులకు పురుగు, చీమ, తుమ్మెద, మనిషి ఉదాహరణలుగా ఉన్నవి. వానపాము, జలగ, శంఖపు పురుగు స్పర్శ, రుచి కలిగిన ద్వీంద్రియాలు. చీమ, నల్లి, పేను, చెదపురుగు వాసన కూడా తెలిసిన త్రీంద్రియాలు. ఈగ, దోమ, తేనెటీగ, సీతాకోకచిలుక చూపు కూడా కలిగిన చతురింద్రియాలు. ప్రతిక్రమణలో దారి నడిచిన దోషాన్ని తలచుకొన్నప్పుడు చీమల పుట్టలు, సాలెగూళ్ళు కూడ జ్ఞాపకం చేసుకొంటారు. పురుగును పేరు పెట్టి పిలిచి క్షమాపణ కోరే అలవాటు ఉన్నవారికి పురుగుల జాబితా వ్రాయడం కొత్త పని కాదు.

ఆ తల్లి నేలమీద వెదకడం మాని ఇంటిలోపల చూచినది. అక్కడ పురుగులకు లోటు లేదు. వంటింటి గట్టుమీద సన్నచీమలు. రాత్రి దీపం ఆర్పిన తరువాత మురుగు గొట్టం నుండి వచ్చే బొద్దింకలు. బియ్యపు డబ్బాలో ముక్కపురుగు. పగటిపూట కూడా కాళ్ళను కుట్టే చారల దోమ. పక్క వీధిలో యువకులు కిక్కిరిసి ఉండే వసతిగృహాలలో నల్లి. ఇవన్నీ మనిషితో కాపురం చేసే పురుగులు. మనిషి విడిచిన మెతుకు, మూత వేయని నీరు, కడగని తొట్టి, దులపని పరుపు, వీటిమీద బ్రతుకుతాయి.

ఇక లేనివి. మృగశిర వెళ్ళి ఆర్ద్ర కార్తె ప్రవేశించగానే, జూను మూడవ వారం దాటి తొలివానలు పడినప్పుడు, తెలుగునాట ఎర్రనేలల మీద మఖమలు ముక్కలవలె ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. కాళ్ళు ఎనిమిది కనుక శాస్త్రజ్ఞులు దానిని కీటకాలలో చేర్చరు గాని తెలుగువారికి అది పురుగే, వాన కబురు తెచ్చే పురుగు. అది సంవత్సరంలో అధికభాగం మట్టిలో ఉండి వాన తడికి పైకి వస్తుంది. మట్టిమీద పలకలు పరచిన చోట అది పైకి రావడానికి దారి లేదు. ఉసిళ్ళు లేవాలంటే చెదపుట్టకు తావు ఉండవలెను. పేడపురుగు ఉండాలంటే పశువు, పేడ, వాటిక్రింద మెత్తని నేల ఉండవలెను. మిణుగురు పిల్లపురుగు తడినేలలో నత్తలను తిని పెరుగుతుంది, పెరిగిన తరువాత తన వెలుగుతో జతను పిలుస్తుంది. దానికి తడినేలా కావలెను, చీకటీ కావలెను. రాత్రంతా దీపాలు వెలిగే ఆవరణలో దాని పిలుపు దాని జతకు కనబడదు. తూనీగ పిల్ల నీటిలో పెరుగుతుంది, దానికి చెరువు కావలెను.

ఈ రెండు జాబితాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మనిషి అజాగ్రత్త మీద బ్రతికేవి ఉన్నవి. మనిషి అవసరం లేకుండా మట్టి, నీరు, చీకటి, పచ్చికల మీద బ్రతికేవి లేవు. కాబట్టి "ఇక్కడ పురుగు లేదు" అన్న కొడుకు మాట సరికాదు. పురుగు ఉన్నది. ఏ పురుగు ఉన్నది, ఏది లేదు అన్నదే ప్రశ్న. ఉన్న పురుగు ఇంటివారి అజాగ్రత్తను చెబుతున్నది. లేని పురుగు, ఆ చోట మనిషి చేసిన పనిని చెబుతున్నది.

లేనిదాన్ని గమనించడం వర్తకునికి తెలియని పని కాదు. దీపావళికి చిట్టా ముగించి సరుకు నిల్వ చూచుకొనేటప్పుడు, నూరు బస్తాలు ఉండవలసిన కొట్టు ఖాళీగా ఉంటే, "లెక్కపెట్టే శ్రమ తప్పినది" అని ఏ వ్యాపారీ సంతోషించడు. సరుకు ఎటు పోయినదని అడుగుతాడు. అమ్ముడుపోయిందా, చెడిపోయిందా, ఎవరైనా ఎత్తుకుపోయారా అని పుస్తకం తిరగవేస్తాడు. ఖాళీ కొట్టు అతనికి ఒక ప్రశ్న. ఖాళీ నేల శ్రావకునికి ఒక ప్రశ్న కావద్దా?

ప్రాణులు పోయినవని ఊహమీద చెప్పడం కాదు, తూచి, లెక్కించి చెప్పినవారు ఉన్నారు. జర్మనీలో క్రెఫెల్డు నగరపు కీటక పరిశీలన సంఘంవారు, అందులో చాలామంది వేరే వృత్తులవారే, 1989 నుండి 2016 వరకు 63 రక్షిత ప్రదేశాలలో ఎగిరే పురుగులను పట్టి తూచినారు. 27 ఏళ్ళలో ఆ బరువు మూడు వంతులకు పైగా తగ్గినట్లు 2017లో ప్రకటించబడినది. వారు తూచినందువలన గాని లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. బెంగుళూరులోనే, జీవశాస్త్రాల జాతీయ పరిశోధన కేంద్రానికి చెందిన గీతా తిమ్మేగౌడ, శానన్ ఓల్సన్, వారి సహచరులు కొండతేనెటీగను పరిశీలించినారు. గాలి శుభ్రంగా ఉన్న చోటు మొదలుకొని మిక్కిలి చెడిన చోటు దాకా పువ్వులపై వ్రాలే ఈగలను సేకరించి చూచినారు. గాలి ఎక్కువగా చెడిన చోట్ల నుండి తెచ్చినవాటిలో నూటికి 80కి పైగా 24 గంటలలోనే చనిపోయినవి. 2020లో ప్రకటితమైన ఈ పరిశోధనలో ఎవ్వరూ ఆ ఈగలకు విషం పెట్టలేదు. రోడ్డుమీద బండ్ల పొగే ఆ పని చేసినది. తేనె ముట్టనని వ్రతం పట్టి, తేనెటీగకు హాని చేయలేదనుకొని బండి ఎక్కే శ్రావకుడు ఈ మాటను ఒకసారి తలచుకోవలసి ఉన్నది.

ఇప్పుడు కొడుకు తర్కానికి సమాధానం చెప్పవచ్చును. జైనధర్మం హింసను కాలిక్రింద జరిగేదానితోనే ఆపలేదు. తాను చేసినది, ఇతరులచేత చేయించినది, ఇతరులు చేస్తుంటే ఒప్పుకొన్నది, కృత, కారిత, అనుమోదితాలని మూడుగా చెప్పినది. ఎలక్ట్రానిక్ సిటీలోని ఆ కొడుకు స్వయంగా ఏ పురుగునూ చంపలేదు. నిజమే. కాని అతడు నెలనెలా కట్టే నిర్వహణ రుసుములో పురుగుమందు చల్లేవారి కూలి ఉన్నది. నివాసుల సంఘం సమావేశంలో "నెలకు రెండుసార్లు మందు కొట్టించాలి" అన్న తీర్మానం వచ్చినప్పుడు అతడు చేయి ఎత్తినాడో, లేక ఫోను చూచుకొంటూ ఊరకున్నాడో. మొదటిది కారితం, రెండవది అనుమోదనకు దూరమైనది కాదు. పాతకాలంలో హింస కాలిక్రింద జరిగేది కనుక కన్ను చాలేది. ఈ కాలంలో హింస రసీదులో జరుగుతున్నది. కన్ను రసీదు మీద కూడా పడవలెను.

రాత్రిభోజన విషయంలోనూ ఇదే చిక్కు. దీపానికి పురుగులు వచ్చి అన్నంలో పడి చస్తాయి కనుక పొద్దు ఉండగానే భోంచేయవలెనన్నారు. అద్దాల కిటికీలు మూసి, చల్లని గదిలో తినేవారికి ఆ బాధ లేదని కొందరి వాదం. ఆహార సంయమం వంటి ఇతర కారణాల మాట అటుంచినా, ఈ వాదంలో ఒక లోపం ఉన్నది. దీపం దగ్గరి హింస పోలేదు, కిటికీ అవతలికి మారినది. పురుగులు దీపంమీద మోజుతో వస్తాయని లోకం అనుకొనేది. 2024లో వెలువడిన ఒక పరిశోధన మరొక సంగతి చూపినది. ఎగిరే పురుగు వెలుగు వచ్చే దిక్కును ఆకాశమనుకొని దానికి వీపు త్రిప్పుతుంది. ఆకాశం పైన ఉన్నంతకాలం అది సరిగానే ఎగురుతుంది. వెలుగు ప్రక్కనో, క్రిందనో ఉంటే పైకీ క్రిందికీ తేడా తెలియక ఆ దీపం చుట్టూ తిరుగుతూ అక్కడే చిక్కుపడుతుంది. అంటే అది ఆశతో వచ్చినది కాదు, దారి తప్పినది. ఎవరూ లేని ఆవరణలో తెల్లవార్లూ వెలిగే దీపం ఎవరి అవసరం కోసం? రాత్రి భోజనం మానినవాని ఇంటి దీపమైనా ఆ వరుసలో ఉండనవసరం లేదు.

ఇదంతా పట్టణంలో ఉద్యోగం చేసే కొడుకు దోషమేనని దుకాణంలో కూర్చున్న తండ్రి అనుకోవడానికి వీలు లేదు. ఉపాసకదశాంగ సూత్రంలో వాణిజ్యగ్రామపు ఆనంద శ్రావకుని కథ ఉన్నది. అతడు సంపన్న గృహస్థు. అతడు వ్రతం పట్టిన సందర్భంలోనే శ్రావకుడు విడువవలసిన పదిహేను వృత్తులు, కర్మాదానాలు, చెప్పబడినవి. వాటిలో అడవికి నిప్పు పెట్టడం ఒకటి. విషం అమ్మడం, అనగా విషవాణిజ్యం, ఒకటి. చెరువులు, మడుగులు ఎండగట్టడం ఒకటి. ఈ జాబితా వ్రాసిన కాలంలో సిమెంటు లేదు, గాజు మేడలు లేవు. అయినా చెరువు ఎండితే అందులోని అసంఖ్యాక జీవులు పోతాయని వారు చూచినారు, దానిని వృత్తిగా చేసుకోవద్దన్నారు.

బెంగుళూరు గొలుసుకట్టు చెరువులలో కొన్ని పూడ్చబడి ఇండ్ల స్థలాలైనవి. మిగిలినవానిలో అనేకం మురుగుకు మార్గమైనవి. నగరపు పెద్ద చెరువులలో ఒకటైన బెళ్ళందూరు చెరువు మీద 2015లోను, 2017లోను మంటలు లేచినవి. నీరు అంటుకొనడం అనే వింతను దేశమంతా చూచినది. అందులో తూనీగ పిల్లల గతి ఎవరూ అడగలేదు. చెరువు పూడ్చినవాడు ఒకడు, ఆ స్థలం అమ్మినవాడు మరొకడు, సిమెంటు అమ్మినవాడు, అప్పు ఇచ్చినవాడు, ఇల్లు కొన్నవాడు వేరువేరు. పాపం ఇందరిలో పంచబడినది కనుక ఎవరి చిట్టాలోనూ కనిపించదు. కాని పంచితే తరిగిపోవడానికి అది లాభం కాదు.

విషవాణిజ్యం మాట మరింత దగ్గరది. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పత్తి పంటను శనగపచ్చ పురుగు తిన్నది. ఎంత మందు కొట్టినా చావలేదు. చావకపోగా, దానిని తినే అక్షింతల పురుగులు, సాలీళ్ళు ముందు చచ్చినవి. మందు అమ్మిన అంగడిలోనే అప్పు తెచ్చుకొన్న రైతులు ఎందరో దిక్కుతోచక ప్రాణాలు తీసుకొన్నారు. వారిలో చాలామంది త్రాగినది పురుగుకు తెచ్చిన మందే. చతురింద్రియ జీవికని అమ్మిన విషం పంచేంద్రియ జీవిని తీసుకొన్నది. పురుగుకు ఒక నీతి, మనిషికి ఒక నీతి అని గిరి గీసినవారు ఆ సీసాకు ఆ గిరి తెలియదని అప్పుడు గ్రహించవలసి వచ్చినది. ఆ తరువాత నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు మందు లేకుండా పత్తి పండించే పద్ధతి నేర్చుకొని, తమ ఊరిలో పురుగుమందు వాడబోమని ప్రకటించుకొన్నారు. ఊరు నష్టపోలేదు, అప్పులు తీరినవి. వారి పద్ధతులలో హింస అసలే లేదని కాదు. తక్కువ హింసతో బ్రతుకు సాగుతుందని వారు చూపినారు. గృహస్థు ధర్మం కోరేది కూడ అంతే.

ఇక్కడ ఎదురుపక్షం నుండి బలమైన ప్రశ్న ఒకటి వస్తుంది. ఇంట్లో చిన్నపిల్ల ఉన్నది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించినది. ఆ చారల దోమే దానికి వాహనం. బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే దోమ ప్రాణం గురించి చర్చ పెట్టడం ధర్మమా?

కాదు. బిడ్డ ప్రాణాన్ని చిన్నచూపు చూచే అహింస అహింస కాదు. గృహస్థుకు సంకల్పంతో చేసే హింస నిషేధించి, ఆత్మరక్షణలో అనివార్యమయ్యే విరోధి హింసను వేరుగా ఎంచిన పెద్దలకు ఈ కష్టం తెలుసు. అయితే అనివార్యమనే మాటను ఎప్పుడు ఉపయోగించవచ్చునో చూడవలెను. ఆ దోమ గుడ్డు పెట్టేది అడవిలో కాదు. కుండీ క్రింది పళ్ళెంలో, మూత లేని తొట్టిలో, చల్లనిగాలి యంత్రం క్రింద నిలిచిన నీటిలో, మేడమీద పారవేసిన డబ్బాలో. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. ఆ నీరు నిలవకుండా చూచినవాడు ఏ దోమనూ చంపలేదు, పుట్టడానికి చోటు ఇవ్వలేదు. నీరు నిలవనిచ్చి, పిల్లపురుగులు పుట్టనిచ్చి, దోమలు కానిచ్చి, అప్పుడు పొగ పెట్టించేవాడు "అనివార్యం" అంటాడు. ఆ పొగ ఎగిరే దోమలలో కొన్నింటిని చంపుతుంది, నీటిలోని పిల్లపురుగులను తాకదు. చెట్టుమీది సీతాకోకచిలుక, తేనెటీగ మాత్రం దోమలతోపాటు దాని పాలు కావచ్చును. నీరు తొలగించడమే ముఖ్యమని వైద్యశాఖవారూ చెబుతున్నారు.

శాస్త్రం హింసకు లక్షణం చెప్పినప్పుడు ప్రమాదాన్ని, అనగా అజాగ్రత్తను, మొదట పెట్టినదందుకే. చంపే క్షణంలో చేయి ఆపుకొనడంకంటె, ఆ క్షణం రాకుండా పదిరోజుల ముందే జాగ్రత్తపడడం పెద్ద అహింస. యత్నం అనే మాటకు అర్థం అదే. చేటలో బియ్యం చూచిన అవ్వ ఈ పనే చేసినది. పురుగు పట్టకముందే డబ్బా ఆరబెట్టి మూత వేసినది. పట్టిన తరువాత ఏమి చేయాలో కూడ పూర్వులు ఆలోచించినారు. గుజరాతులోని కొన్ని పాంజ్రపోళ్ళలో జీవాత్ ఖానా అనే గది ఉండేది. పురుగుపట్టిన ధాన్యాన్ని, చెత్తను తెచ్చి అందులో పోసి, ఆ పురుగులను వాటి ఆయుష్షు తీరేదాకా విడిచేవారు. చూచినవారు నవ్వి ఉండవచ్చును. నష్టం వచ్చినా సరే, పురుగుకు కూడ ఈ లోకంలో ఒక గది ఉండవలెనన్న భావాన్ని మాత్రం నవ్వి తీసివేయరాదు.

ఆ గది ఈనాడు ఎక్కడ కట్టవలెను? ఇటుకలతో కాదు. ఎలక్ట్రానిక్ సిటీ ఆవరణలలో పలకలు పరచని మట్టి కొంత విడిస్తే అదే ఆ గది. రాలిన ఆకును రోజూ ఊడ్చి తగులబెట్టక ఒక మూల కుళ్ళనిస్తే అదే ఆ గది. విదేశపు గడ్డి ఒక్కటే పరచిన పచ్చికకు బదులు నిమ్మ, కరివేప, జిల్లేడు, తుమ్మి వంటి మొక్కలకు చోటు ఇస్తే అదే ఆ గది. జీవదయ నిధికి చందా ఇచ్చి రసీదు పుచ్చుకొనడం మంచి పనే. కాని గోశాలకు వేయి రూపాయలు వ్రాసిన చేతితోనే మందు కొట్టే గుత్తకు సంతకం చేస్తే, జమ ఒక పుటలో, ఖర్చు మరొక పుటలో పడుతున్నది. చివర నిల్వ తేల్చేవేళ రెండు పుటలూ కలిపే చూడవలెను.

జీవులు ఒకదానికొకటి ఉపకరించుకొంటూ ఉండడం వాటి స్వభావమని తత్త్వార్థసూత్రం చెబుతున్నది. చెరువు ఉంటే తూనీగ ఉన్నది, తూనీగ పిల్ల నీటిలోని దోమ పిల్లను తిన్నది. ఆ హింస తూనీగది, మనిషి ఖాతాలో పడేది కాదు. చెరువు పూడ్చి తూనీగను పోగొట్టుకొన్నవాడు ఆ పనిని తన చేతిలోకి తీసుకొన్నాడు, దానితోపాటు దాని పాపాన్నీ తీసుకొన్నాడు. లేని పురుగు చేసే పని ఉన్న మనిషి మీద పడినది. చేటలో చూచే అలవాటు, నేల చూచే అలవాటు, ఈ కాలంలో ఆ లేనిదాన్ని చూచేదాకా పెరగవలసి ఉన్నది.

ఆ తల్లి కొడుకుతో వాదించలేదు. చాతుర్మాస్యం గడపడానికి వచ్చినది కనుక నాలుగు నెలలు ఉన్నది. పళ్ళాల క్రింది నీరు వారానికొకసారి తుడిచి ఆరబెట్టినది. తొట్టికి మూత తెప్పించినది. ఎండతగిలే మూల కరివేప మొక్క ఒకటి కుండీలో పెట్టినది. కొన్నాళ్ళకు దాని లేత ఆకులమీద పిట్ట రెట్టవలె నల్లగా, తెల్లగా ఉన్న చిన్న పురుగులు రెండు కనిపించినవి. వంటకు ఆకు కోయబోయిన కోడలు, "అత్తయ్యా, మొక్కంతా తినేస్తున్నాయి, తీసి పారవేయనా?" అన్నది. "ఆకు బజారులో రూపాయకు దొరుకుతుందమ్మా, అవి దొరకవు" అన్నది అత్తగారు. మనుమరాలు రోజూ బడికి పోయేముందు వాటిని చూచేది. అవి పచ్చబడినవి, కొమ్మకు అంటుకొని గూడు కట్టుకొన్నవి. ఒకనాటి ఉదయం ఒకటి రెక్కలు ఆరబెట్టుకొని పదకొండవ అంతస్తు నుండి ఎగిరిపోయినది. మొక్కకు ఆకు మిగలలేదు. నెల తిరగకుండా మళ్ళీ చిగిర్చినది.

ఒక కుండీతో పేట మారదు. అది నిజమే. తరువాతి నెలలో జరిగిన సంఘ సమావేశంలో, మందు తీర్మానం వచ్చినప్పుడు, ఆ కొడుకు లేచి, "మందు ముందు కాదు, మొదట మూతలు వేయిద్దాము, నిలవనీరు తీయిద్దాము, మూడు నెలలు చూద్దాము" అంటే, అదీ పెద్ద విప్లవం కాదు. కాని అనుమోదన అనే దోషం అంతవరకు అతనికి తెలియకుండా జరిగినది. ఇకమీదట తెలియకుండా జరగదు. కళ్ళు మూసుకొని నడవవచ్చునన్నవాడు కళ్ళు తెరిచినాడు.

అదే కర్ణాటకలో, బెంగుళూరుకు ఇంచుమించు 150 కిలోమీటర్ల దూరాన, శ్రవణబెళగొళలో బాహుబలి నిలిచి ఉన్నాడు. చావుండరాయడు పదవ శతాబ్దం చివర చెక్కించిన 57 అడుగుల ఆ విగ్రహం దర్శించని జైన కుటుంబం అరుదు. తీగలు కాళ్ళకు, చేతులకు ప్రాకినవి. పాదాల ప్రక్కన పుట్టలు లేచినవి. అంత పెద్ద విగ్రహం చెక్కిన శిల్పి ఆ పుట్టలను విడిచిపెట్టలేదు. ఎదుట ఒక మహాపురుషుడు నిలిచి ఉన్నా చెదపురుగులు భయపడక తమ ఇల్లు తాము కట్టుకొన్నవంటే, ఆయన తపస్సుకు అంతకంటె సాక్ష్యం అక్కరలేదని అతడు తెలుసుకొన్నాడు. ఆయన నిలిచిన చోట పుట్ట లేచినది. ఈనాటి మనిషి నిలిచిన చోట పుట్ట మాయమవుతున్నది. దర్శనానికి వెళ్ళినవారు ముఖం చూచి నమస్కరించిన తరువాత ఒక్కక్షణం ఆ పుట్టలనూ చూచి, ఇంటికి వచ్చి తమ వాకిటి నేలను చూచుకొంటే, యాత్ర పూర్తి అయినట్లు.